ముందు చక్రం వణుకు

దాసన్న కట్టు విప్పుతుంటే వచ్చిన వాసనకు దౌలత్ బీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి, భర్త ఇమాం వలి చూస్తున్నాడని చెయ్యి దించేసింది.

వెదురుబద్దలు ఒక్కొక్కటే ఊడివచ్చాయి. కోడిగుడ్డు సొన, ఆకుపసరు ఎండి అట్టకట్టిన గుడ్డ చర్మాన్ని పట్టుకుని లేచింది. మోకాలి కింద కాలు ఉబ్బి నిగనిగలాడుతోంది. వేళ్లు మాత్రం కాలిన పుల్లల్లా నల్లబడ్డాయి. దాసన్న బొటనవేలు గిల్లాడు. ఇమాం వలికి తెలియలేదు. ఇంకా గట్టిగా గిల్లాడు. మంచం మీది మనిషి పైకప్పు వాసాల వంక చూస్తూనే ఉన్నాడు.

విరిగిన ఎముకలు కట్టడంలో దాసన్నకు చుట్టుపక్కల పల్లెలన్నిటా పేరుంది. బేతంచెర్ల గనుల్లో రాళ్లు మీదపడి చేతులూ కాళ్లూ విరిగినవాళ్లను ఎందరినో నిలబెట్టినవాడు. అలాంటివాడు లేచి వాకిట్లోకి వచ్చి, దౌలత్ బీని దగ్గరికి పిలిచి, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

"ఇది నా చేతిలో లేదమ్మా. విషం పైకి ఎక్కుతాండాది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసకపో. ఈ పొద్దే తీసకపో. రేపంటే ఆ మనిషి నీకు దక్కడు."

దౌలత్ బీకి మొదట ఆ మాటలు చెవిలోకి దిగలేదు. దిగాక ఆమె చూపు వాకిట్లో బోదగడ్డి చప్పరం కింద నిలబడి ఉన్న కారు మీదికి పోయింది. భర్తను ఈ గతికి తెచ్చింది ఆ బండే. ఇప్పుడు కాపాడాల్సిందీ అదే.

ఇమాం వలి తండ్రి దూది ఏకి, పరుపులు కుట్టి బతికినవాడు. కొడుకు మాత్రం ఏకుడుబద్ద ముట్టలేదు. గనుల దొర దగ్గర కారు తుడిచే పనికి కుదిరి, తోలడం నేర్చుకుని, దొర ఇంగ్లండుకు పోతూ అమ్మేసిన పాత బండిని తనే కొనుక్కున్నాడు. అప్పటికే దాని గుడ్డ కప్పు చిరిగి ఉంది. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ పనులమీద పోయేవాళ్లతో బాడుగలకు కొదవ లేదు. పెళ్లిళ్లకు, జాతరలకు, కాన్పు కష్టమైన ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చడానికి ఆ చుట్టుపక్కల ఇమాం వలి బండి ఒక్కటే దిక్కు.

మొన్న గనుల కాడి నుంచి ఒట్టి బండితో ఇంటికొస్తుంటే, దిగుడులో వేగం అందుకోగానే స్టీరింగు వణికింది. వణుకు కాదు అది, పూనకం. రెండు చేతులా అదిమి పట్టినా చక్రం చేతుల్లోంచి విదిలించుకుంది. బండి కల్వర్టు పక్క గుంతలోకి దూకింది. రాయికి కొట్టుకుని తలుపు లోపలికి నొక్కుకుపోయి, తలుపుకూ సీటుకూ మధ్య అతని కుడికాలు చిక్కింది. ఊరివాళ్లు మనిషిని మంచం మీద, బండిని ఎద్దులతో ఇంటికి తెచ్చారు.

పక్కింటి నరసింహ లారీ అడగడానికి పరుగెత్తుకుపోయి, పొద్దు బాగా ఎక్కాక వట్టి చేతులతో వచ్చాడు.

"ఒక్క లారీ గూడా లేదు వదినా. అన్నీ కర్నూలుకు బండలేసుకుని పోయిండాయి. రేపు సాయంత్రానికి గానీ రావంట. పొద్దున రైలు ఎప్పుడో పాయె."

"ఎద్దులబండి?"

"ఆ రాళ్ల దోవలో, ఆ కాలుతోనా? చేరేలోపల..." అని మిగతాది మింగేశాడు.

దౌలత్ బీ కారు వైపు చూపించింది. "నువ్వు తోలతావు గదా నర్సిమ్మా."

నరసింహ తుంగభద్ర డ్యాము కడుతున్నప్పుడు అక్కడ మట్టి లారీ తోలినవాడు. తోలడమే తెలుసు, విప్పి బాగుచేయడం తెలియదు. లారీ మొరాయిస్తే షెడ్డులో అప్పజెప్పి చెట్టు కింద పడుకునే ఉద్యోగం అతనిది. అయినా సరే, హ్యాండిలు వేసి తిప్పాడు. నాలుగైదు తిప్పులకు ఇంజను దగ్గి అందుకుంది. ఊరి చివర బురుజు దాకా పోయి వచ్చాడు. దిగేసరికి అతని చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

"నిదానంగా పోతే ఏం లేదు వదినా. కాస్త తొక్కితే సాలు, ముందర దడదడ కొట్టుకుంటాది. స్టీరింగు చేతుల్లో నిలబడదు. ఇట్ల పోతే మనమందరం ఇంగో గుంతలో పడతాం."

"నిదానంగానే పోదాం."

"నిదానమంటే నడిసినట్ల. రేపటికి పోతాం."

అప్పుడు పంచలో మంచం మీద నుంచి గొంతు వినిపించింది. జ్వరంతో బొంగురుపోయినా అది ఇమాం వలి అసలు గొంతే.

"ఒణుకు చేతుల్లోకి వస్తాందా, కూచున్న సీటు కిందికి వస్తాందా?"

నరసింహ మంచం దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాడు. "చేతుల్లోకన్నా."

"అయితే ముందర. సీటు కిందికొస్తే వెనక. బ్రేకు తొక్కితే ఎక్కువైతాందా?"

"లేదు. వేగానికే."

"ముందర లేపండి. ఎవరన్నా కిందికి పొయ్యి కమాన్లు పట్టుకోని సూడండి."

ఆ 'ఎవరన్నా' దౌలత్ బీ తప్ప ఎవరూ కాదు. భర్త బండి కింద ఉంటే చేతికి పానాలు అందించింది ఇన్నేళ్లూ ఆమే. జాకీ మీద ముందు భాగం లేచాక చీర ఎగదోపుకుని, వెల్లకిలా పడుకుని కిందికి జరిగింది. నడుం కింద కంకరరాళ్లు గుచ్చుకున్నాయి. నరసింహ పైనుంచి చక్రం ఊపుతుంటే, ఆమె ఇనుప పట్టీల కమాను మీద, రాడ్ల మీద, వాటి కీళ్ల మీద అరచేతులు ఆనించి ఎక్కడ కదులుతోందో వెతికింది.

"ఏం తెలుస్తాంది?" అని మంచం మీది గొంతు అడిగింది.

"కమాను కట్టిన బోల్టు... నట్టు వదులుగా ఉండాది. వేళ్లతోనే తిరుగుతాంది."

"అదీ! పెద్ద పానా తీస్కో. కాలు తన్నిపెట్టి బిగించు. అవతలది గూడా చూడు."

అవతలదీ వదులుగానే ఉంది. బిగించింది. కళ్లలో తుప్పు రాలింది, మోచేయి దోక్కుపోయింది. అయినా లోపల ఎక్కడో ఒక సంతోషం. అతను చెప్తున్నాడు, తను చేస్తోంది, బండి బాగవుతోంది. బయటికి వచ్చి చూస్తే ఇమాం వలి మోచేతి మీద కాస్త లేచి ఉన్నాడు. కళ్లు వెలుగుతున్నాయి. జ్వరం వెలుగో, బండి పిచ్చో ఆమె తేల్చుకోలేకపోయింది.

నరసింహ మళ్లీ బురుజు దాకా పోయి వచ్చాడు. వణుకు కొంత తగ్గింది కానీ పోలేదు.

సరిగ్గా ఆ సమయానికి దాసన్న చూసిపోదామని వాకిట్లో అడుగుపెట్టాడు. మంచివాడు, ధైర్యం చెబుదామనే నోరు తెరిచాడు.

"భయపడొద్దమ్మా. మోకాలి పైదాకా కాలు తీసేసినారంటే ప్రాణానికి ఢోకా ఉండదు. ఎంతమందిని సూడలేదు?"

పంచలో మంచం కిర్రుమంది. ఇమాం వలి వెనక్కి వాలిపోయాడు.

నరసింహ వచ్చి "ఇంగేం సూడాలన్నా?" అని రెండుసార్లు అడిగాక, అతను వాసాల వంక చూస్తూ అన్నాడు.

"వెనక చక్రాలు ఇప్పండి."

నరసింహ విప్పాడు. చక్రాల నట్లు తుప్పుపట్టి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, ఒక్కొక్కటే తీసేసరికి ఎండ చప్పరం కిందికి పాకింది. వెనక ఏమీ కనిపించలేదు. "డ్రమ్ము ఇప్పు" అన్నాడు. విప్పారు. "అవతల పక్క" అన్నాడు. అవతల పక్కా విప్పారు. దౌలత్ బీ మధ్యమధ్య పంచలోకి పోయి భర్త నుదుటి మీది తడిగుడ్డ మార్చి వస్తోంది. మార్చిన ప్రతిసారీ పాత గుడ్డ వేడెక్కి ఉంటోంది. కాలి మీది నలుపు వేళ్లు దాటి పాదం పైకి వచ్చింది.

రెండో డ్రమ్ము మళ్లీ బిగిస్తుండగా ఆమె చేతిలో పానా ఆగిపోయింది.

ఇందాక కమాను చూస్తున్నంతసేపూ ఇమాం వలి అడుగుతూనే ఉన్నాడు. ఏం తెలుస్తాంది, ఎంత కదులుతాంది, ఏ పక్క. వెనక పని మొదలైనప్పటి నుంచి ఒక్క ప్రశ్న లేదు. ఇది విప్పండి, అది విప్పండి, అంతే. వణుకు చేతుల్లోకి వస్తే ముందర, సీటు కిందికి వస్తే వెనక అని చెప్పింది ఆ నోరే కదా.

పానా కింద పడేసి ఆమె మంచం దగ్గరికి పోయింది.

"నీకు తెలుసు," అంది. "యాడుండాదో నీకు తెలుసు. చెప్పకుండా ఉండావు."

అతను కళ్లు మూసుకున్నాడు. రెప్పల కింద కళ్లు కదులుతున్నాయి.

"అనుమానముండాది," అన్నాడు చివరికి. "చెప్పను."

"ఏంటికి?"

"ఏంటికని అడుగుతావా? బ్రేకు తొక్కేది ఆ కాలే. యాక్సిలేటరు తొక్కేది ఆ కాలే. అది కోసేసినాక నన్నేం చేసుకుంటావు మే? మసీదు మెట్ల కాడ కూచోబెడతావా?"

"కూచోబెడతా. నేను గూడా పక్కన కూచుంటా."

"నీకు సిగ్గులేదు."

"లేదు. నాకేం లేదిప్పుడు. చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా, చెప్పు."

ఆ మాట నోటినుంచి జారాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. అతని ముఖం వంకరపోయింది. అది నవ్వో ఏడుపో.

"నన్ను ఈడనే పోనీ దౌలతూ. నా ఇంట్లో. రెండు కాళ్లతో వచ్చినా, రెండు కాళ్లతో పోనీ."

దౌలత్ బీ చెయ్యి లేచింది. కాలిపోతున్న ఆ ముఖం మీద కొట్టలేక తన నెత్తినే కొట్టుకుంది. బతిమాలింది, తిట్టింది, పుట్టకుండానే పోయిన బిడ్డల ఊసెత్తింది, తను బావిలో పడతానంది. అతను గోడవైపు తిరిగాడు. కాసేపటికి ఆ గోడతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. "జరగండప్పా, జరగండి, ఆడోళ్లను కూచోనీండి... హారను కొట్టరా, గొర్రెలు అడ్డమొచ్చాండాయి..." మంచం మీద చేతులు స్టీరింగు తిప్పుతున్నాయి. ఇక అతను చెబుతానన్నా చెప్పలేడు.

ఆమె లేచి నిలబడింది. నరసింహ చప్పరం గుంజకు ఆనుకుని తల వంచుకున్నాడు. అంతా విన్నాడు.

"ముందర లేపు," అంది అతనితో.

"వదినా, మనకేం తెలుసని..."

"లేపప్పా!"

లేపాడు. ఆమె ఎడమ చక్రం ముందు చతికిలబడింది. ఏం చూడాలో తెలియదు. కళ్లు మూసుకుని, భర్త చేతులు ఈ చక్రం దగ్గర ఏం చేసేవో తలచుకుంది. పంచరు వేశాక చక్రం బిగించి, జాకీ దించకముందు ఒక్కసారి చేత్తో తిప్పి వదిలేవాడు. అదెక్కడ ఆగుతుందో తల పక్కకు వంచి చూసేవాడు. మళ్లీ తిప్పేవాడు. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు. అదొక అలవాటు అనుకుంది.

చక్రం తిప్పి వదిలింది. నిదానించి ఆగింది. ఇంకోసారి తిప్పింది. వేరేచోట ఆగింది. ఇంకోసారి, మరింకోచోట.

కుడివైపుకు పోయింది. తిప్పి వదిలింది. ఈ చక్రం ఆగబోతూ, వెనక్కి తిరిగి, కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడింది. పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి టైరుకు కిందిభాగంలో గీత పెట్టింది. మళ్లీ తిప్పింది. చక్రం తిరిగి తిరిగి, ఊగి, గీత కిందికి వచ్చాకే ఆగింది. గీతను చేత్తో పైకి తెచ్చి వదిలింది. మెల్లగా దానంతట అదే జారి కిందికి వచ్చేసింది.

"నర్సిమ్మా," అంది. "ఈడ... ఈడ బరువుండాది."

నట్లు తీసి చక్రం ఊడదీసి తిరగేశారు. లోపలి వైపు, బయటికి కనిపించని చోట, రిమ్ము ఒంపులో ఒకపక్కగా తెల్లటి గడ్డ. గోరుతో గీకితే గీత పడలేదు. నరసింహ వంగి చూసి ఒక్కసారిగా తల పట్టుకున్నాడు.

"గని బురద వదినా! బండి పడకముందు రోజు కంట్రాక్టరును ఎక్కించుకోని అన్న గని గుంతలోకి దిగినాడు గదా. బండలు కోసేకాడ కుడిపక్క నీళ్లు చక్రంలో సగానికి ఉండె."

గనిలో రాతిపిండి కలిసిన ఆ నీళ్లు తడిగా ఉన్నప్పుడు మజ్జిగలా ఉంటాయి. ఎండితే గచ్చే. బండి రాత్రంతా కదలకుండా నిలబడటంతో, రిమ్ములో చేరిన బురదంతా కిందికి జారి ఒకేచోట గడ్డకట్టింది. తెల్లారి ఆ బరువుతోనే చక్రం తిరిగింది. వేగం పెరిగేకొద్దీ అది రోకలిపోటులా ముందు భాగాన్ని కుదిపింది. వదులైన కమాను దాన్ని పట్టి ఆపలేకపోయింది.

ఆ ఊర్లో ఉలికీ సుత్తికీ కరువు లేదు. నరసింహ ఇంట్లోంచి తెచ్చాడు. అతను ఉలి పెట్టి కొడుతుంటే పెచ్చులు పెచ్చులుగా రాలింది. చివరి పెచ్చులను దౌలత్ బీ గోళ్లతో పెకిలించింది. రెండు గోళ్లు చిట్లి రక్తం వచ్చింది. ఆ సంగతి ఆమెకు మరునాటి వరకూ తెలియదు. చక్రం బిగించి తిప్పారు. ఎక్కడంటే అక్కడ ఆగింది.

నరసింహ బండి తీసుకుపోయాడు. ఆమె వాకిట్లో నిలబడి శబ్దం కోసం చెవులు రిక్కించింది. బురుజు దగ్గర తగ్గాల్సిన ఇంజను మోత తగ్గలేదు, ఇంకా పెరిగింది. దూరంగా పోయింది. మళ్లీ దగ్గరికి వచ్చింది. అతను దిగకుండానే అరిచాడు.

"స్టీరింగు నిలబడింది వదినా! ఒక్క ఏలు పెట్టి తోలొచ్చు!"

దాసన్ననూ, ఇంకో ఇద్దరినీ కేకేసి ఇమాం వలిని లేపబోతే అతనికి తెలివి వచ్చింది. ఏం జరుగుతోందో చూశాడు. రెండు చేతులతో మంచంకోడు పట్టుకున్నాడు. ఆ వేళ్లను దౌలత్ బీ ఒక్కొక్కటే విడదీసింది. స్టీరింగు పట్టిపట్టి గట్టిపడ్డ వేళ్లు. విడదీస్తున్నంతసేపూ అతను ఆమె కళ్లలోకే చూశాడు. ఆమె మాత్రం వేళ్లనే చూసింది.

వెనక సీట్లో అతని తల ఆమె ఒళ్లో. బేతంచెర్ల దాటింది, దారికి రెండువైపులా పేర్చిన బండల వరసలు దాటాయి, డోన్ దగ్గర పెట్రోలు పోయించుకుని కర్నూలు రోడ్డు ఎక్కారు. నరసింహ బండిని పరుగు తీయించాడు. ఎండిన కొర్రచేలు వెనక్కి పోతున్నాయి. ఇమాం వలి కళ్లు మూసుకునే చెవులతో బండిని వింటున్నాడని ఆమెకు తెలుసు.

"కుడి చక్రం," అన్నాడు పెదవులు కదిలీ కదలకుండా.

"ఆ."

"ఎవురు చెప్పిరి?"

"ఎవురూ చెప్పలే. నువ్వు తిప్పేది సూసినా."

అతను తలను ఆమె ఒళ్లోంచి పక్కకు తిప్పుకున్నాడు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

పొద్దు గుంకుతుండగా పెద్దాసుపత్రి చేరారు. డాక్టరు కాలు చూసి, ఇంకేమీ అడగకుండా, కాలు తీయడానికి ఎవరు ఒప్పుకుంటారని మాత్రం అడిగాడు. ఇమాం వలికి మళ్లీ తెలివి తప్పింది. మసీ, నూనె, రక్తం అంటిన బొటనవేలు దౌలత్ బీ ముందుకు చాచింది. వేలిముద్రకు వేరే సిరా అక్కర్లేకపోయింది.

మోకాలి పైదాకా కాలు తీసేశారు. ప్రాణం దక్కింది.

జ్వరం తగ్గి మనిషి కోలుకుంటున్నకొద్దీ దౌలత్ బీకి భయం ఎక్కువైంది. తెలివిలో లేనివాడి కోపం వేరు, తెలివితో ఉన్నవాడి కోపం వేరు. గంజి తాగించబోతే నోరు తెరిచేవాడు, మింగేవాడు, గోడవైపు తిరిగేవాడు. నరసింహ వస్తే రెండు ముక్కలు మాట్లాడేవాడు. ఆమెతో మాత్రం లేదు. పక్క మంచాలవాళ్లు ఆమె వైపు జాలిగా చూసేవారు. ఆమె రోజూ అతని ఒళ్లు తుడిచేది, దుప్పటి సర్దేది, కాలు లేని చోట దుప్పటి పల్లంగా పడిపోతే అక్కడ ఇంకో మడత వేసేది. తను చేసింది తప్పా ఒప్పా అని ఆలోచించడం మానేసింది. మళ్లీ ఆ పొద్దు వస్తే మళ్లీ ఆ చక్రమే తిప్పుతుంది, అంతవరకే ఆమెకు తెలుసు.

ఒక మధ్యాహ్నం, వార్డులో అందరూ కునుకు తీస్తుండగా, గోడవైపు తిరిగి ఉన్న ఇమాం వలి అడిగాడు.

"కాలు యాడ పెట్టినారు?"

తనతోనే మాట్లాడాడని ఆమెకు నమ్మకం చిక్కడానికి కొంచెం సేపు పట్టింది.

"పారేయనీలేదు," అంది. "అడిగి తీసుకున్నా. నా మంచి చీర చించి చుట్టినా. నర్సిమ్మ, నేను పొయ్యి ఖబరస్తానులో మట్టిచేసినాం. ఆడుండే పెద్దాయన దువా చదివినాడు."

అతని భుజాలు కదులుతున్నాయి. ఇన్నాళ్లూ ఏడవని మనిషి, గోడను చూస్తూ, శబ్దం రాకుండా ఏడుస్తున్నాడు. దౌలత్ బీ ముట్టుకోవచ్చో లేదో తెలియక, చెయ్యి మంచం అంచున పెట్టి కూర్చుంది.

"ఆ చోటు నాకు సూపిస్తావా?" అన్నాడు.

"సూపిస్తా."

"అంతదూరం ఎట్ల నడుస్తానే నేను?"

అతని చెయ్యి వెనక్కి వచ్చి మంచం అంచున ఆమె చేతిని తడిమింది. చిట్లిన గోళ్ల దగ్గర వేళ్లు ఆగాయి. ఇదేమిటని అడగలేదు. చెయ్యి తీసేయనూ లేదు. బయట ఎండలో ఎవరో బండికి హ్యాండిలు తిప్పుతున్నారు. దాని ఇంజను అందుకునేదాకా ఇద్దరూ అలాగే వింటూ ఉండిపోయారు.